స్విచ్ నొక్కకముందు జరిగే పని

కారు పాలిష్ చేసే షాపులో నిలబడి చూసేవాళ్ళ కళ్ళన్నీ మెషీన్ మీదే ఉంటాయి. ఏ కంపెనీది, ఖరీదెంత, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది అని అడుగుతారు. ఇంకొంచెం తెలిసినవాళ్ళయితే కాంపౌండ్ సీసా చేతిలోకి తీసుకుని లేబుల్ చదువుతారు. ఆ రెండింటికీ మధ్య అంగుళం మందాన ఒక గుండ్రటి ప్యాడ్ ఉంటుంది. దాని గురించి అడిగేవాళ్ళు అరుదు. పెయింట్‌ను తాకేది మాత్రం అదొక్కటే. వేలకు వేలు పోసి కొన్న మెషీన్ చేసేదల్లా దాన్ని తిప్పడం. కాంపౌండ్ కూడా ప్యాడ్ మోసినంతే, మోసిన చోటే కోస్తుంది. చేయి తిరిగిన పనివాడు స్విచ్ నొక్కకముందు ఆ ప్యాడ్‌తో గడిపే కొద్ది నిమిషాలు గమనిస్తే చాలు, సాయంత్రానికి కారు ఎలా ఉండబోతోందో అప్పుడే చెప్పేయవచ్చు.

అంత జాగ్రత్త ఎందుకంటే, పని జరిగే పొర చాలా పల్చన. ఇప్పటి కార్లకు పెయింట్ అంటే నాలుగు పొరలు. తుప్పు పట్టకుండా రేకుకు విద్యుత్తుతో పట్టించే ఈ-కోట్, దాని మీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. నాలుగూ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఒక జెరాక్స్ కాగితం మందం కన్నా కాస్త ఎక్కువ. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. కొత్త కారు మెరుపంతా దానిదే, గీతలు పడేదీ దాని మీదే. గీతను పోగొట్టడమంటే పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టుపక్కల పెయింట్‌ను అరగదీసి చదును చేయడం. అరిగింది మళ్ళీ రాదు. కాబట్టి ఒక కారును జీవితకాలంలో ఇన్నిసార్లు మాత్రమే గట్టిగా పాలిష్ చేయగలం. ప్రతిసారీ ఎంత తక్కువ తీసి ఎంత ఎక్కువ మెరుపు రప్పించాడన్నదే పనితనానికి కొలత.

ఈ గీతలు ఎక్కడివో తెలియాలంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పొద్దున్నే ఏదైనా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వెళ్ళి చూడాలి. ఒకే బకెట్, ఒకే గుడ్డ, వరసగా పది కార్లు. మొదటి కారు దుమ్ము గుడ్డలో చేరి, నాలుగో కారు మీద గీతలుగా తేలుతుంది. తుడిచే మనిషిని తప్పుపట్టలేం, నెలకు మనమిచ్చే డబ్బులకు కారుకో బకెట్ నీళ్ళు రావు. రాత్రిపూట వీధి దీపం కింద నల్ల కారు బానెట్ చూస్తే దీపం ప్రతిబింబం చుట్టూ సన్నటి గీతలు వలయాలుగా కనిపిస్తాయి. షాపుల్లో వాటిని స్విర్ల్ మార్కులంటారు. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులకూ ఉంటాయి. దీపానికి అడ్డంగా పడ్డవి మాత్రమే వెలుగును మన కంటివైపు తిప్పుతాయి కనుక వలయాల్లా అనిపిస్తాయి. తల కాస్త పక్కకు జరిపితే వలయమూ జరుగుతుంది.

ఇక ప్యాడ్ దగ్గరికి వద్దాం. ఉప్పుకాగితం మీద రాపిడి రేణువులు జిగురుతో అంటించి ఉంటాయి. ఏ రేణువు ఎక్కడుండాలో, ఎంత దగ్గరగా ఉండాలో కార్ఖానావాళ్ళు ముందే నిర్ణయించేశారు. మెషీన్ పాలిష్‌లో ఆ నిర్ణయం పనివాడి చేతికి వస్తుంది. సీసాలో ఉన్న కాంపౌండ్ అంటే నూనెలో, నీళ్ళలో తేలుతున్న రేణువులు, ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్ పొడి. వేలికి రాసుకుని పెయింట్ మీద రుద్దితే జారిపోతుంది తప్ప పెద్దగా కోయదు. వట్టి ప్యాడ్ కూడా తనంతట తాను సరిగా కోయదు. ప్యాడ్ రంధ్రాల అంచుల్లోనో, పోగుల కొసల్లోనో రేణువులు చిక్కుకుని నిలబడితేనే అది పనిముట్టవుతుంది. మరోలా చెప్పాలంటే ప్రతి కారుకూ పనివాడు తన ఉప్పుకాగితాన్ని తానే తయారు చేసుకుంటున్నాడు, అదీ వంగే కాగితం, గంటగంటకూ మార్చుకోగల కాగితం. ప్యాడ్‌ను సిద్ధం చేయడాన్ని షాపుల్లో ప్రైమింగ్ అంటారు. పెయింటర్ల ప్రైమర్‌కూ దీనికీ సంబంధం లేదు.

ఏ ప్యాడ్‌నైనా సిద్ధం చేయాలంటే దాని స్వభావం తెలియాలి. పాతకాపు ఊల్ ప్యాడ్, గొర్రె ఉన్నితో చేసింది. వేగంగా కోస్తుంది. పోగుల మధ్య గాలి ఆడుతుంది కనుక ఫోమ్ అంత తొందరగా వేడెక్కదు. కానీ సూటిగా గుండ్రంగా తిప్పే రోటరీ మెషీన్ మీద అది తిరిగిన దారి పెయింట్ మీద మిగిలిపోతుంది. నీడలో బ్రహ్మాండంగా కనిపించిన కారు ఎండలోకి రాగానే తలుపుల మీద నీలినీడల చారలు ఊగుతాయి. హోలోగ్రామ్‌లంటే అవే. మరో రకం మైక్రోఫైబర్ ప్యాడ్. ఫోమ్ బిళ్ళ మీద పొట్టి మైక్రోఫైబర్ పోగులు కుట్టినట్టు నిలబడి ఉంటాయి. అమెరికా కంపెనీ మెగ్వైర్స్ 2010ల మొదట్లో, ఊగుతూ తిరిగే డీఏ (డ్యుయల్ యాక్షన్) మెషీన్ల కోసం దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. ఈ రెండింటి కన్నా ఎక్కువగా వాడకంలో ఉన్నది ఫోమ్.

ఫోమ్ అనగానే పరుపులోని స్పాంజి గుర్తొస్తుంది. బంధుత్వం ఉన్న మాట నిజమే. జర్మనీలో ఒట్టో బేయర్ 1937లో కనిపెట్టిన పాలీయురెథేన్ రసాయనం నుంచే రెండూ వచ్చాయి. తేడా రంధ్రాల్లో ఉంది. ఫోమ్ పొంగేటప్పుడు బుడగ పక్కన బుడగ ఏర్పడి, ప్రతి రెండు బుడగల మధ్యా పల్చటి పొర ఒకటి మిగులుతుంది. ఆ పొరలుంటే గాలీ, కాంపౌండూ అటూ ఇటూ కదలలేవు. మంచి పాలిషింగ్ ఫోమ్‌లలో కొన్నిటికి ఈ పొరల్ని తీసేస్తారు. తీసే పద్ధతుల్లో ఒకటి వింటే ఆశ్చర్యమేస్తుంది. ఫోమ్ దిమ్మెను గట్టి ఉక్కు గదిలో పెట్టి, హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు నింపి, నిప్పురవ్వ అంటిస్తారు. క్షణంలో మంట దిమ్మెంతా పాకి పొరల్ని కరిగించేస్తుంది, ఎముకల గూడులాంటి సన్నటి పుల్లల అల్లిక మాత్రం నిలుస్తుంది. ఆ పుల్లల అంచులే రేపు రేణువుల్ని పట్టుకుని పెయింట్ మీద నడవబోయేవి. పొరలు ఉంచేసిన ఫోమ్ కాంపౌండ్‌ను లోపలికి పీల్చుకోదు, మొహం మీదే నిలుపుకుంటుంది. అందుకని ఒకదానికి ఎక్కువ తినిపించాలి, ఇంకొకదానికి తక్కువ. ఈ తేడా కంటికి కనిపించేది కాదు. వేలితో నొక్కి, నోటితో గాలి ఊది తెలుసుకోవాలి. ప్యాడ్ వెనక్కు గాలి బయటపడుతుంటే తెరిచిన రంధ్రాలన్నమాట.

రంగును నమ్ముకుంటే కొంప మునుగుతుంది. లేక్ కంట్రీ అనే అమెరికా కంపెనీ ఫోమ్‌లలో పసుపు గట్టిది, బాగా కోసేది. ఇటలీ కంపెనీ రూపెస్ ప్యాడ్‌లలో నీలం గరుకు, పసుపు నున్నన, చివరి పాలిష్‌కు దగ్గరిది. ఒక షాపులో రెండు కంపెనీల పసుపు ప్యాడ్‌లు ఒకే డబ్బాలో కలిసి ఉన్నాయంటే అక్కడ ఎవరికో ఏదో కారు మీద చేదు అనుభవం రాసిపెట్టి ఉంది. పనితెలిసినవాడు రంగును చూడడు, బొటనవేలితో నొక్కి ఎంత త్వరగా పైకి లేస్తుందో చూస్తాడు.

కొత్త ప్యాడ్ కవర్‌లోంచి తీయగానే పనికి దిగడం అనుభవజ్ఞుల పద్ధతి కాదు. ముందు వెనకవైపు వెల్క్రో చూస్తారు. ఫోమ్‌కు, వెల్క్రోకు మధ్య జిగురు అంచుదాకా పట్టిందా, ఎక్కడైనా పెచ్చు లేచిందా అని గోటితో గీరి చూస్తారు. నిమిషానికి వేల కదలికల మధ్య వెల్క్రో ఊడితే ప్యాడ్ ఎగిరిపోవడం చిన్న నష్టం, దాని కింద తిరుగుతున్న గట్టి ప్లాస్టిక్ ప్లేటు పెయింట్‌ను తాకడం పెద్ద నష్టం. అందుకే ప్లేటు ఎప్పుడూ ప్యాడ్ కన్నా కాస్త చిన్నదై ఉండాలి, 5 అంగుళాల ప్లేటుకు ఐదున్నర అంగుళాల ప్యాడ్‌లాగ. ఆ తర్వాత ఫోమ్ కత్తిరించినప్పటి పొడిని ఎయిర్ గన్‌తో ఊదేస్తారు. కొందరు ఒకసారి కడిగి, ఆరబెట్టి వాడతారు. కొత్త ఊల్ ప్యాడ్ అయితే వదులు పోగులు రాలుతాయి. కాబట్టి కారుకు దూరంగా మెషీన్ మీద తిప్పుతూ, పళ్ళచక్రం ఉండే స్పర్ అనే పనిముట్టును తాకించి, రాలే పోగులన్నీ ముందే రాల్చేస్తారు. ఈ పని ఎగ్గొట్టిన షాపుల్లో కారు పొడవునా తెల్లటి నూగు అతుక్కుని ఉంటుంది.

ప్యాడ్‌ను ప్లేటు మీద పెట్టడమూ ఒక విద్యే. వెల్క్రో ఎక్కడ పెడితే అక్కడే పట్టుకుంటుంది, సర్దుకునే అవకాశం ఇవ్వదు. ఒక పక్కకు అరసెంటీమీటరు జరిగినా తిరిగేటప్పుడు బరువు ఆ వైపు లాగుతుంది, మెషీన్ వణుకుతుంది, ఆ వణుకు మోచేతి దాకా పాకుతుంది. రోజంతా అలా పనిచేస్తే చేతులు పడిపోతాయి. పని కూడా పాడవుతుంది, ఎందుకంటే ప్యాడ్ ఒక అంచు ఎక్కువ నొక్కుతుంది. మంచి పనివాడు మెషీన్‌ను తలకిందులుగా ఒడిలో పెట్టుకుని, ప్యాడ్‌ను ప్లేటుకు తాకీతాకనట్టు పట్టుకుని, చుట్టూ అంచు సమానంగా కనిపించేదాకా చూసి అప్పుడు అదుముతాడు. ఒకసారి తిప్పి, చెవితో విని, తేడా ఉంటే ఊడదీసి మళ్ళీ పెడతాడు. ఊడదీసేటప్పుడు ఫోమ్ అంచు పట్టుకుని లాగడు. వేళ్ళు వెల్క్రో కిందికి పోనిచ్చి మెల్లగా విడదీస్తాడు. ప్యాడ్ ఆయుష్షు సగం ఈ ఒక్క అలవాటులో ఉంది.

డీఏ మెషీన్ ప్లేటు అంచు మీద మార్కర్ పెన్నుతో నల్లటి అడ్డగీత ఒకటి కనిపిస్తే మీరు సరైన చోట ఉన్నారని అర్థం. రోటరీలో మోటారు ప్యాడ్‌ను సూటిగా గుండ్రంగా తిప్పుతుంది. ఎక్కువ రకాల డీఏలలో మోటారు ప్యాడ్‌ను చిన్న కక్ష్యలో ఊపుతుంది, మామూలుగా 8, 15 లేదా 21 మిల్లీమీటర్ల కక్ష్య. ప్యాడ్ తన చుట్టూ తాను తిరగడం ఆ ఊపు వల్ల వచ్చే అదనపు ఫలితమే. గట్టిగా నొక్కినా, వంపు మీద ఒక అంచే ఆనినా తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రం మిగులుతుంది. శబ్దం పెద్దగా మారదు, కోత మాత్రం పడిపోతుంది. ఆ నల్ల గీత తిరుగుతోందా లేదా అన్నది ఒక్క చూపులో చెప్పేస్తుంది. రూపాయి ఖర్చులేని పరికరం.

ఇప్పుడు అసలు ఘట్టం. ప్యాడ్ ఎండిపోయి ఉంటే కొందరు నీళ్ళో, కండిషనరో ఒకటి రెండుసార్లు స్ప్రే చేసి అదనపు తడిని తుడిచేస్తారు. కొందరు ఇది అనవసరం అంటారు. నా దృష్టిలో రెండో పక్షం వాదన బలమైంది, నీళ్ళు కాంపౌండ్‌ను పల్చన చేస్తాయి, రంధ్రాల్లో కాంపౌండ్ ఉండాల్సిన చోటును అవి ఆక్రమిస్తాయి. ఆపైన సీసా మూత తిప్పి ప్యాడ్ మీద వలయంగానో, అడ్డదిడ్డంగానో కాంపౌండ్ పోస్తారు. చాలామంది ఇక్కడే మెషీన్ అందుకుంటారు. చుక్కలున్న చోట బాగా కోసి, లేని చోట పొడి ఫోమ్‌తో పెయింట్‌ను రుద్దుతారు. పొడి ఫోమ్ నున్నగా ఉన్నట్టే అనిపిస్తుంది గాని, తిరుగుతున్నప్పుడు సన్నటి మసక గీతలు పెడుతుంది, వేడి పుట్టిస్తుంది. మొదటి ప్యానెల్ ఎందుకు మిగతావాటి కన్నా నాసిగా వచ్చిందో చాలా షాపుల్లో ఎవరికీ అర్థం కాదు.

శ్రద్ధ ఉన్నవాడు మెషీన్‌ను ముట్టుకోడు. వేలికొసలతో కాంపౌండ్‌ను ప్యాడ్ అంతటా పరుస్తాడు. మధ్య నుంచి అంచుకు, అంచు నుంచి మధ్యకు. ఫోమ్ మొహం వేరే రంగులోకి మారేదాకా, ఏ రంధ్రమూ పొడిగా మిగలకుండా రుద్దుతాడు. ఏటవాలుగా కోసిన అంచును కూడా వదలడు, ఎందుకంటే వంపుల దగ్గర, తలుపు పిడి చుట్టూ పనిచేసేది ఆ అంచే. ఆ తర్వాత వేలిని అడ్డంగా పెట్టి పైపైన ఉన్న మిగులును గీకి తీసేస్తాడు. మొహం తడిగా మెరవాలి, కాని వేలితో తాకితే ముద్ద అంటకూడదు. ఊల్ ప్యాడ్‌లో కాంపౌండ్‌ను పోగుల కొసలకే పట్టించాలి. అడుగుదాకా దిగితే అక్కడ ఎండి గడ్డకట్టి, ఆ గడ్డలే మళ్ళీ గీతలు పెడతాయి. మైక్రోఫైబర్‌కు మొదటిసారి కాస్త ధారాళంగా పెట్టి, ప్రతి పోగునూ వేళ్ళతో విడదీస్తూ తడపాలి.

మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్దను అద్దే తీరు నాకు ఇక్కడ గుర్తొస్తుంది. ఎంత పెట్టాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. పెట్టి, తట్టి, విని, కొంచెం తీసి, మళ్ళీ తట్టి చూస్తాడు. కచేరీ అయ్యాక గీకేస్తాడు. శ్రోతలు దాన్ని పట్టించుకోరు, కాని ఆ ముద్ద సరిగా లేకుంటే తర్వాత ఎంత వాయించినా ఎడమ పలకదు.

ప్యాడ్‌ను ఇలా నిండా తడపడాన్ని ఒక పద్ధతిగా ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో కెవిన్ బ్రౌన్ అనే అమెరికా డీటెయిలర్ ముఖ్యుడు. మెగ్వైర్స్ ఎం105 కాంపౌండ్‌తో డీఏ మెషీన్ మీద ఆయన పనిచేసిన తీరు కెవిన్ బ్రౌన్ మెథడ్ అని ఆయన పేరు మీదే చలామణీ అయింది. అప్పట్లో డీఏ అంటే మైనం పట్టించడానికి తప్ప గట్టి గీతలకు పనికిరాదని చాలామంది కొట్టిపారేసేవాళ్ళు. ప్యాడ్ మొహమంతా రేణువులు పట్టి ఉంటే అదే మెషీన్ బాగా కోస్తుందని తేలింది. మెషీన్ మారలేదు, సీసా మారలేదు, ప్యాడ్‌ను సిద్ధం చేసిన తీరు మారింది. ఎం105 ఇంకో రకంగానూ ఈ పద్ధతికి సరిపోయింది. పాత కాంపౌండ్లలో చాలావాటి రేణువులు రుద్దేకొద్దీ పగిలి చిన్నవవుతాయి. దీనిలోనివి అలా కావు, చివరిదాకా అదే పరిమాణంలో కోస్తాయి. కాబట్టి మొహంలో ఒకసారి నింపిన రేణువులు మళ్ళీ మళ్ళీ పనికొస్తాయి.

ప్యాడ్ ఇలా నిండాక, తర్వాత కలపాల్సింది తక్కువే. శనగగింజంత చుక్కలు మూడో నాలుగో ప్యాడ్ మీద వేసి, మెషీన్ ఆపి ఉంచి, రెండడుగుల చదరంలో అక్కడక్కడా అద్దుతారు. ఆపైన అతి తక్కువ వేగంలో పూత పరిచి, అప్పుడు వేగం పెంచుతారు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ప్రతి వరసా ముందు వరసను సగం కప్పేలా, సెకనుకు అంగుళం చొప్పున. ప్యాడ్ సరిగా సిద్ధమైతే పెయింట్ మీద పల్చటి, సమానమైన మసక పొర కనిపిస్తుంది. మధ్యలో పొడి చారలుంటే కాంపౌండ్ తక్కువైంది. అద్దాల మీదికి, గోడల మీదికి చిందుతుంటే ఎక్కువైంది. ఎక్కువ కావడం వల్ల నష్టమేముందని అడగవచ్చు. ప్యాడ్‌కు, పెయింట్‌కు మధ్య నూనె పొర మందమై రేణువులు పెయింట్‌ను తాకకుండా తేలిపోతాయి. ప్యాడ్ జారుతుంది, కోయదు. పని కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడు కోత రావడం లేదని ఇంకా పోస్తాడు, ఇంకా నొక్కుతాడు. రంధ్రాలు మూసుకుపోయి ఫోమ్ మధ్యభాగం వేడెక్కి మెత్తబడుతుంది. చాలా ప్యాడ్‌లకు మధ్యలో చిల్లు పెట్టడానికి కారణం ఆ వేడే. మే నెలలో రేకుల షెడ్డు కింద పనిచేసేటప్పుడు ఇది మరీ తొందరగా జరుగుతుంది. కాంపౌండ్ పెయింట్ మీదే ఎండి పెచ్చు కడుతుంది. అందుకే మన ఎండాకాలంలో తెలివైన షాపులు పాలిష్ పనిని తెల్లవారుజామునో, రాత్రో పెట్టుకుంటాయి.

ప్యాడ్ తయారీ ఒకసారితో అయిపోయేది కాదు. ప్రతి రెండడుగుల చదరం తర్వాత ప్యాడ్‌లో అరిగిన క్లియర్ కోట్ పొడి, ఎండిన కాంపౌండ్ చేరతాయి. అవి రేణువుల్ని కప్పేస్తాయి. ఫోమ్ అయితే నైలాన్ బ్రష్‌ను తాకించి కొద్ది క్షణాలు తిప్పితే చాలు. మందపాటి టవల్‌ను అరచేతిలో పరిచి, తిరుగుతున్న ప్యాడ్‌ను దానికి అదిమిపట్టడం ఇంకో పద్ధతి, తడి, మురికి రెండూ టవల్‌లోకి వస్తాయి. స్పర్ ఊల్ ప్యాడ్‌కే, ఫోమ్‌కు తాకిస్తే ముక్కలు ముక్కలుగా చీలుతుంది. మైక్రోఫైబర్‌కు ఎయిర్ గన్‌ను మించింది లేదు, అణిగిపోయిన పోగులు గాలికి మళ్ళీ లేచి నిలబడతాయి. ఈ శుభ్రానికి పట్టేది అరనిమిషం. తొందరలో ఉన్న షాపులో ముందుగా ఎగిరిపోయేది ఈ అరనిమిషమే.

ప్యాడ్ మీది మురికి కబుర్లు కూడా చెబుతుంది. ఎర్ర కారును పాలిష్ చేస్తున్నా ప్యాడ్ తెల్లగానో బూడిదగానో ఉంటే పైన క్లియర్ కోట్ ఉన్నట్టు. ప్యాడ్ ఎర్రబడితే అది ఒకే పొర పెయింట్, లేదా క్లియర్ కోట్ అరిగి రంగు బయటపడింది. మొదటిదైతే కంగారు అక్కర్లేదు. రెండోదైతే ఆ క్షణమే మెషీన్ ఆపాలి, తర్వాతి మాట పెయింటింగ్ బూత్‌లోనే. పాత అంబాసిడర్లకు మళ్ళీ ప్రాణం పోసేవాళ్ళు మొదటి అరనిమిషంలో ప్యాడ్ తిప్పి చూసుకునేది ఇందుకే.

ఒక కారుకు ఎన్ని ప్యాడ్‌లు కావాలి? ఒక్కో దశకు నాలుగైదు ఉంటే పని సాఫీగా సాగుతుంది. వేడెక్కినదాన్ని పక్కన పెట్టి చల్లటిది అందుకోవచ్చు. గరుకు కాంపౌండ్ తాకిన ప్యాడ్‌ను నున్నటి పాలిష్‌కు వాడకూడదు, ఎంత కడిగినా సరే. పెద్ద రేణువు ఒక్కటి మిగిలినా చివరి పాలిష్‌లో దాని సంతకం కనిపిస్తుంది. అందుకే మంచి షాపుల్లో ప్యాడ్ వెనక మార్కర్‌తో కాంపౌండ్ పేరు రాసి ఉంటుంది. కింద పడ్డ ప్యాడ్ కథ అంతటితో ఆగుతుంది, కడిగి ఆరేదాకా దానికి కారు మీద పనిలేదు. నేలమీది ఒక్క ఇసుక రేణువు ముందు ఎంత ఖరీదైన కాంపౌండూ దిగదుడుపే. పని మధ్యలో ప్యాడ్‌ను ఎప్పుడూ మొహం పైకి ఉండేలా పెట్టే పనివాడిని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ఎవరూ నేర్పకపోయినా కొందరికి అది ఎలాగో వచ్చేస్తుంది.

పని ముగిశాక కడగడం. గోరువెచ్చటి నీళ్ళు, కాస్త సబ్బు, వేళ్ళతో పిసకడం, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాలాడించడం, అంతే. పిండేటప్పుడు మెలితిప్పితే వెల్క్రో జిగురు విడుతుంది, కాబట్టి రెండు అరచేతుల మధ్య నొక్కుతారు. తర్వాత మెషీన్‌కు తగిలించి ఖాళీ బకెట్‌లో తిప్పితే మిగిలిన నీళ్ళు గోడలకు చిమ్ముకుపోతాయి. ఫోమ్ మొహం కిందికి ఉండేలా జాలీ మీద పెట్టి నీడలో ఆరబెడతారు, నీళ్ళు జిగురువైపు దిగకుండా. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో చివరి జాలాడింపుకు ఫిల్టర్ నీళ్ళు వాడటం మంచిది, ఆరాక లవణం ఫోమ్‌లో మిగిలిపోతుంది. ఆరినవి మూతున్న డబ్బాల్లోకి వెళ్తాయి. తడి ప్యాడ్‌తో మర్నాడు పని మొదలుపెట్టే షాపులో వెల్క్రోలు తొందరగా ఊడటం చూడొచ్చు.

ఇంత చెప్పాక ఒక చేదు మాట చెప్పక తప్పదు. ప్యాడ్ సరిగా లేకపోయినా కారు మెరిసేలా చేయడం కష్టం కాదు. నూనెలు, మైనాలు ఎక్కువగా ఉన్న పాలిష్‌లు గీతల్లో నిండి వాటిని కప్పేస్తాయి. కారు షాపు గేటు దాటేటప్పుడు అద్దంలా ఉంటుంది. నాలుగైదు వాషింగులయ్యాక పాత గీతలన్నీ వరసగా బయటికొస్తాయి. నిజాయితీ ఉన్న పనివాడు పాలిష్ అయిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్ళు చల్లి తుడిచి, నూనె పోయాక టార్చి వెలుగులో చూపిస్తాడు. అప్పుడు కనిపించేదే పెయింట్ అసలు మొహం. గీతలు నిజంగా పోయాయా, దాక్కున్నాయా అన్నది ఆ వెలుగులో తేలుతుంది.

కారును పాలిష్‌కు ఇవ్వబోయే పాఠకులకు ఒక మాట. మెషీన్ కంపెనీ పేరు, పాలిష్ మీద వేసే కోటింగ్‌కు గ్యారంటీ ఎన్నేళ్ళు అన్న ప్రశ్నలు తర్వాత అడగండి. ముందు ప్యాడ్‌లు చూపించమనండి. శుభ్రంగా, ఆరి, దేనికదే పేరు రాసి డబ్బాల్లో ఉంటే, మీ ఒక్క కారుకే అరడజను ప్యాడ్‌లకు తక్కువ కాకుండా వాడతామని చెబితే, రేటు వెయ్యి ఎక్కువైనా ఇవ్వండి. కాంపౌండ్ ఎండి పెచ్చుకట్టిన ప్యాడ్ ఒకటి మెషీన్‌కే అతుక్కుని, మొహం కిందికి నేలమీద పడి ఉంటే కారు తాళం జేబులోనే ఉంచుకుని వెనక్కి రండి.